ఏసీ/డీసీని మొదటి నుంచి వినడం ఎలా

ఆస్ట్రేలియా రాక్ బృందం ఏసీ/డీసీ పాటలు ఒకటో రెండో విశాఖపట్నంలో రాక్ వినేవారందరికీ తెలుసు. జిమ్‌లోనో, కాలేజీ ఫెస్ట్‌లోనో అవి చెవిన పడుతూనే ఉంటాయి. అయితే అలా ముక్కలుగా విన్నవారికి అరుపులూ మోతా తప్ప మరేమీ మిగలవు. 1973 నవంబరులో సిడ్నీలో మాల్కమ్ యంగ్, ఆంగస్ యంగ్ అనే అన్నదమ్ములు మొదలుపెట్టిన ఈ బృందాన్ని, రోజుకొక ఆల్బమ్ చొప్పున, విడుదలైన వరుసలో ఏడు సాయంత్రాలు ఎలా వినాలో ఇక్కడ వివరిస్తున్నాను.

పాటలను ఏరుకుని వినకండి. ఈ బృందం 2012 వరకు తమ పాటలను ఆపిల్ వారి ఆన్‌లైన్ పాటల దుకాణం ఐట్యూన్స్‌లో అమ్మనివ్వలేదు. ఆల్బమ్ అంటే మొదటి పాట నుంచి చివరి పాట వరకు ఒకే వస్తువన్నది వారి పట్టు. వీరి మంచి ఆల్బమ్‌లు చాలావరకు నలభై నిమిషాలకు అటూ ఇటూగా ఉంటాయి. సాయంత్రం రద్దీలో మద్దిలపాలెం నుంచి గాజువాక చేరేలోపు ఒకటి పూర్తవుతుంది గానీ, బస్సులో వినమని నేను చెప్పను, ఎందుకంటే ఇంజను మోతలో బేస్ గిటారు మునిగిపోతుంది. ఫోను స్పీకరుదీ అదే లోపం. ఇంట్లో కూర్చుని, ఉక్క భరించగలిగితే ఫ్యాను కూడా ఆపి, తీగ ఉన్న మామూలు హెడ్‌ఫోన్లతో వినండి. కుడి ఎడమల తేడా స్పష్టంగా తెలియడం ముఖ్యం. దాని అవసరం తర్వాత వస్తుంది.

వరుస విషయంలో ఒక చిక్కుంది. ఆస్ట్రేలియాలో 1975 ఫిబ్రవరిలో వచ్చిన 'హై వోల్టేజ్', 1976లో మిగతా ప్రపంచానికి అదే పేరుతో వచ్చిన ఆల్బమ్ ఒకటి కావు. రెండోదానిలో ఉన్న తొమ్మిది పాటల్లో ఏడు 1975 డిసెంబరులో ఆస్ట్రేలియాలో విడుదలైన 'టీఎన్‌టీ' నుంచి తీసుకున్నవే. క్యాసెట్ల రోజుల్లో జగదాంబ సెంటర్ దగ్గర ఒక దుకాణంలో నేను కొన్న క్యాసెట్ మీద ఒక పేరుంటే లోపల మరో ఆల్బమ్ పాటలు సగం కలిసిపోయి ఉన్నాయి, అడిగితే దుకాణదారు నవ్వి ఊరుకున్నాడు. అసలు ఆల్బమ్‌లే ఇంత గజిబిజి అని అప్పట్లో నాకు తెలియదు. 1976 నాటి 'డర్టీ డీడ్స్ డన్ డర్ట్ చీప్' అమెరికాలో 1981లో గానీ విడుదల కాలేదు. ఆ సంవత్సరం చూసి దాన్ని 1980లో వచ్చిన కొత్త గాయకుడి కాలంలో కలిపేసేవారున్నారు. మీరు మొదటి సాయంత్రానికి 1976 నాటి అంతర్జాతీయ 'హై వోల్టేజ్' పెట్టుకోండి.

అందులో మొదటి పాటలోనే బ్యాగ్‌పైప్ వినిపిస్తుంది. మన జానపద కళాకారులు మేకతోలుతో చేసిన తిత్తిని ఊదడం చూసినవారికి ఆ ధ్వని కొత్తది కాదు. ఒకే శ్రుతి అడుగున ఆగకుండా పారుతూ ఉంటే దాని మీద పాట నడుస్తుంది. దాన్ని వాయించింది గాయకుడు బాన్ స్కాట్. అతనిదీ యంగ్ సోదరులదీ స్కాట్లాండే. ఉభయుల కుటుంబాలూ ఆస్ట్రేలియాకు వలస వచ్చాయి. 1974లో అతను చేరాకే ఈ బృందానికి మాట వచ్చింది. పాటలో ఏం చెప్పినా పక్కన కూర్చుని కన్ను కొడుతూ చెబుతున్నట్టుంటుంది. రెండో సాయంత్రం 1977 నాటి 'లెట్ దేర్ బి రాక్', మూడో సాయంత్రం 1978 నాటి 'పవరేజ్' వినండి. అమ్మకాల లెక్కలు ఎలా ఉన్నా, బాన్ రాసిన మాటల కోసం నేను ముందుగా చేయి చాచేది 'పవరేజ్' వైపే.

ఈపాటికి మీకొక అనుమానం వస్తుంది. మా మేనల్లుడు మూడో రోజునే అడిగాడు: "ఏంటి మావయ్యా, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి?" వాడికి నేను చేయించిన పనే మీకూ చెబుతాను. చాలా పాటల్లో రెండు గిటార్లను చెరో చెవి వైపు పెట్టి రికార్డు చేశారు. హెడ్‌ఫోనును ఒక చెవి నుంచి తీసి పాట మొత్తం వినండి, తర్వాత రెండో చెవితో అదే పాట వినండి. ఒక వైపున పరుగులు తీసేది స్కూలు యూనిఫాం వేసుకుని వేదికంతా గెంతే ఆంగస్. రెండో వైపున కదలకుండా పాటను మోసేది మాల్కమ్. అతని గ్రెచ్ గిటారును ఫొటోలో చూస్తే, తీగల కంపనాన్ని పట్టే పికప్‌ను తీసేసిన చోట ఖాళీ కంత కనిపిస్తుంది. లావు తీగలు వాడేవాడు. ధ్వనిని చీలిపోయేంతగా పెంచకపోవడం వల్ల అతను కొట్టిన కార్డులో, అంటే కలిపి మోగించిన స్వరాల గుంపులో, ప్రతి తీగా విడిగా తెలుస్తుంది. డ్రమ్ముల మీద ఫిల్ రడ్ కూడా అంతే, ఒక్క దెబ్బ ఎక్కువ వేయడు. మన ఉత్తరాంధ్ర తప్పెటగుళ్లలో దెబ్బకు ఎంత విలువుందో దెబ్బకూ దెబ్బకూ మధ్య ఆగిన క్షణానికీ అంతే విలువుంది. ఏసీ/డీసీలో వినవలసింది ఆ ఆగడాన్నే. మేనల్లుడు ఒప్పుకున్నాడని చెప్పను గానీ, అదే పాటను మూడోసారి పెట్టుకున్నాడు.

నాలుగో సాయంత్రం 1979 నాటి 'హైవే టు హెల్'. అప్పటివరకు ఆల్బమ్‌ల రికార్డింగును చూసుకున్న అన్న జార్జ్ యంగ్, అతని భాగస్వామి హ్యారీ వాండా పక్కకు జరగగా, మట్ లాంగ్ అనే నిర్మాత వచ్చాడు. పల్లవిలో నలుగురూ కలిసి పాడే గొంతులు నిండుగా వినిపించడం అతని చలవే.

నాలుగో రోజుకూ ఐదో రోజుకూ మధ్య ఒక రోజు విరామం ఇవ్వండి. 1980 ఫిబ్రవరి 19న లండన్‌లో బాన్ స్కాట్ చనిపోయాడు, అతనికి 33 ఏళ్లు. ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్ ప్రాంతం నుంచి బ్రయన్ జాన్సన్‌ను తెచ్చుకుని, బహామాస్‌లోని నసావులో రికార్డు చేసి, జులై 25న 'బ్యాక్ ఇన్ బ్లాక్' విడుదల చేశారు. సంతాప సూచకంగా అట్ట మొత్తం నలుపే. ఆల్బమ్ గంట మోతతో మొదలవుతుంది. ఇంగ్లండ్‌లోని లఫ్‌బరోలో ఒక స్మారక గోపురం గంటలను రికార్డు చేయబోతే పక్షుల రెక్కల చప్పుడు అడ్డొచ్చింది. చివరికి బృందం కోసం అక్కడి కర్మాగారంలో పోత పోసిన గంటనే మోగించి రికార్డు చేశారు. గంటకూ గంటకూ మధ్య ఎడం ఎంతుందో గమనించండి. ఆ మోతల మధ్యకు గిటారు మెల్లగా ప్రవేశిస్తుంది. ప్రపంచవ్యాప్తంగా అమ్ముడైన ప్రతులు 5 కోట్లు దాటాయని అంచనా.

ఆ తర్వాతి ఏడాది ఫిరంగుల మోతతో వచ్చిన ఆల్బమ్ అమెరికాలో వారికి తొలిసారి మొదటి స్థానం తెచ్చింది. 1983 నుంచి 1988 వరకు వచ్చినవాటిని మొదటి విడతలో వదిలేసినా నష్టం లేదు. ఆరో సాయంత్రానికి 1990 నాటి 'ది రేజర్స్ ఎడ్జ్' చాలు. ఏడో సాయంత్రం నేరుగా 2020 నాటి 'పవర్ అప్'కు వెళ్లండి. మతిమరుపు వ్యాధితో 2014లో తప్పుకున్న మాల్కమ్ 2017 నవంబరులో చనిపోయాడు. అతని చోట వాయించింది అన్న కొడుకు స్టీవీ యంగ్. అయినా ఆ ఆల్బమ్‌లోని ప్రతి పాట కిందా రచయితలుగా ఆంగస్, మాల్కమ్ ఇద్దరి పేర్లూ ఉన్నాయి, ఎందుకంటే అన్నదమ్ములు ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న ముక్కల నుంచే వాటిని కట్టారు. ఆ ముక్కలను స్టీవీ ఎలా పట్టుకున్నాడో, మళ్లీ ఒక్కో చెవితో వినండి.

వీడియోలను చివరికి ఉంచండి, ముందే చూస్తే చెవి పనిని కన్ను లాక్కుంటుంది. మెల్‌బోర్న్‌లోని స్వాన్‌స్టన్ వీధిలో 1976 ఫిబ్రవరిలో ఒక లారీ మీద చిత్రీకరించిన వీడియోతో మొదలుపెట్టండి: బాన్ చేతిలో బ్యాగ్‌పైప్, పక్కన స్కాటిష్ దుస్తుల్లో పైపర్లు, మధ్యలో గెంతుతున్న ఆంగస్. ఇప్పుడు అతన్ని కాసేపు వదిలిపెట్టి, లారీ మీద మాల్కమ్ ఎక్కడ నిలబడ్డాడో వెతకండి.