వినే విద్య, 5వ పాఠం: రీమాస్టర్‌ను చెవితో తూచడం

పోయిన వారం ఇచ్చిన అభ్యాసం చేశారా? ఒకే రిఫ్‌ను, అంటే పాటలో తిరిగి తిరిగి వచ్చే గిటార్ పలుకును, మూడుసార్లు వినమన్నాను. మొదటిసారి గిటార్‌ను, రెండోసారి డ్రమ్స్‌ను, మూడోసారి లోతైన కింది స్వరాలు పలికే బేస్ గిటార్‌ను మాత్రమే వెంటాడాలి. చేయనివారు ముందు అది పూర్తి చేయండి. ఈ వారం పనికి అదే పునాది.

థ్రాష్ మెటల్ అనే వేగమైన, గట్టి రాక్ సంగీతపు పాత ఆల్బమ్ ఒకదాన్ని, దాని రీమాస్టర్‌ను (పాత రికార్డింగ్‌నే మెరుగు దిద్ది మళ్లీ విడుదల చేసిన ప్రతిని) పక్కపక్కన పెట్టుకుని విని, ఇంకొకరికి పనికొచ్చే అభిప్రాయం చెప్పడం ఈ పాఠం. ఇందుకు మెటాలికా బ్యాండ్ 1988లో విడుదల చేసిన ‘ఆండ్ జస్టిస్ ఫర్ ఆల్’ను ఎంచుకున్నాను. దాని రీమాస్టర్ 2018లో వచ్చింది. మూడు దశాబ్దాలుగా ఈ ఆల్బమ్ విన్నవారందరూ అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: బేస్ గిటార్ ఎక్కడ? ఇంత స్పష్టమైన ప్రశ్న ముందే ఉన్న ఆల్బమ్ నేర్చుకునేవారికి దొరకడం అదృష్టం.

మొదట మీ దగ్గర ఉన్న ప్రతి ఏదో తేల్చుకోండి. పాటలు వినిపించే యాప్‌లలో చాలాచోట్ల రీమాస్టరే ముందు కనిపిస్తుంది. ఆల్బమ్ వివరాలలో సంవత్సరం, రీమాస్టర్ అనే మాట ఉన్నాయేమో చూడండి. పాత సీడీ ఎవరి ఇంట్లోనైనా ఉంటే అడిగి తెచ్చుకోండి. ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. 1990లలో కాజీపేటలో ఈ ఆల్బమ్ నా చేతికి వచ్చింది క్యాసెట్ రూపంలో, అదీ క్యాసెట్ నుంచి క్యాసెట్‌కు ఎక్కించిన నకలు. అలా ఎక్కించిన ప్రతిసారీ డ్రమ్స్‌తోపాటు మోగే తాళాల మెరుపు కొంత పోతుంది, వెనక ‘స్‌స్’ అనే రొద కొంత పెరుగుతుంది. ఆ మసక శబ్దాన్నే ఏళ్ల తరబడి ప్రేమించాను. తర్వాత అసలు సీడీ విన్నప్పుడు అదే నాకు పరాయిగా తోచింది. రీమాస్టర్ గురించి మాట్లాడేవారు ‘పాతదే బాగుంది’ అంటే, ఏ పాతది అని అడగాలి. సీడీయా, రెండు ప్లేట్లుగా వచ్చిన ఎల్పీ రికార్డా, నాలాగా నకలు క్యాసెట్టా?

పోయిన నెల హనుమకొండ నయీంనగర్‌లో ఒక మేడగదిలో నలుగురం కూర్చుని ఈ పని చేశాం. రోడ్డు మీద బస్సుల రొద తగ్గాలని రాత్రి పది దాటాక మొదలుపెట్టాం, ఫ్యాను కూడా ఆపేశాం. నాతోపాటు గూడ్సు రైలు నడిపే కాజీపేట మిత్రుడు, ఇంజనీరింగ్ చదివే ఒక తమ్ముడు, పరకాల వైపు పల్లె నుంచి వచ్చిన డప్పు కళాకారుడు ఉన్నారు. డప్పు మిత్రుడు మెటల్ వినడం అదే మొదటిసారి.

పాత సీడీ నుంచి కొంత, రీమాస్టర్ నుంచి కొంత వినిపించాను. ముగ్గురూ రీమాస్టరే మేలన్నారు. “బేస్ స్పష్టంగా పెరిగిందన్నా” అన్నాడు తమ్ముడు. అప్పుడు రీమాస్టర్ వాల్యూమ్‌ను కొద్దిగా తగ్గించి, రెండింటిలోనూ గొంతు ఒకే ఎత్తులో వినిపించేలా చేసి మళ్లీ వేశాను. తమ్ముడు కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు. “ఇప్పుడు బేస్ పెరిగిందని చెప్పలేను” అన్నాడు.

ఈ పాఠంలో మీరు ఒక్క పనే నేర్చుకోగలిగితే ఇది నేర్చుకోండి. పోల్చే ముందు వాల్యూమ్ సమం చేయాలి. మన చెవి అన్ని స్వరస్థాయులనూ ఒకేలా వినదు. శబ్దం చిన్నగా ఉన్నప్పుడు కింది స్థాయి శబ్దాలు ముందుగా మాయమవుతాయి, పెంచినకొద్దీ తిరిగి బయటికి వస్తాయి. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1933లోనే ఈ సంగతిని కొలిచి చూపించారు. అందువల్ల అదే పాటను ఒక్క పిసరు పెంచి వేసినా బేస్ నిండుగా, తాళాలు మెరుపుగా తోస్తాయి. పెద్దగా వినిపిస్తోందని మనకు తెలియదు, బాగుందని మాత్రమే తెలుస్తుంది.

రీమాస్టర్లు చాలావరకు పాత ప్రతులకంటే పెద్ద శబ్దంతో వస్తాయి. డిజిటల్ రికార్డింగ్‌కు దాటరాని పైకప్పు ఒకటి ఉంటుంది. సగటు శబ్దాన్ని పైకి లేపాలంటే, డ్రమ్ దెబ్బల శిఖరాలు ఆ కప్పుకు తగలకుండా వాటిని నొక్కాలి. లిమిటర్ చేసే పని అదే. అది శ్రుతి మించితే ఏమవుతుందో ఇదే బ్యాండ్ 2008లో తెచ్చిన ‘డెత్ మాగ్నెటిక్’ ఆల్బమ్ చూపించింది. ఆ సీడీలో శబ్దం నలిగిపోయిందని అభిమానులు గొడవ చేశారు. అవే పాటలు ‘గిటార్ హీరో’ వీడియో ఆటలో అంత నొక్కుడు లేకుండా వినిపించడంతో, తేడా మామూలు శ్రోతలకు కూడా అర్థమైంది. తన దగ్గరికి వచ్చేసరికే ఆ మిక్స్‌లు నలిగి ఉన్నాయని మాస్టరింగ్ చేసిన టెడ్ జెన్సెన్ చెప్పాడు. వాద్యాలను, గొంతును తూకం చూసి కలిపే మిక్సింగ్ ఒక మెట్టు, ఆ కలిపినదానికి చివరి మెరుగు దిద్దే మాస్టరింగ్ దాని తర్వాతి మెట్టు. ఏ తప్పు ఏ మెట్టు మీద జరిగిందో చూడకుండా తిట్టడం అన్యాయం.

ఈ రెండు మెట్ల తేడాను నేను వేయిస్తంభాల గుడితో చెబుతుంటాను. గుడి గోడల మీద పట్టిన మసిని కడిగితే శిల్పం తేటపడుతుంది, ఏ రాయీ కదలదు. రీమాస్టర్ అలాంటిది. అదే ఆవరణలోని కల్యాణమండపాన్ని మాత్రం రాళ్లు విడదీసి, మళ్లీ పేర్చి కట్టారు. ఏళ్ల తరబడి సాగిన ఆ పని ముగిసి 2024లో మండపం తెరుచుకుంది. రీమిక్స్ ఆ రెండో రకం. గిటార్, డ్రమ్స్, గొంతు వేర్వేరుగా ఉన్న టేపుల దాకా వెళ్లి, ఒక్కొక్కదాన్నీ ఎత్తి కొత్తగా అమర్చడం. 2018లో ‘జస్టిస్’కు జరిగింది మొదటిది. అన్నీ కలిసిపోయిన రెండు ఛానెళ్ల రికార్డింగ్‌ను కడిగారు. కాబట్టి ‘రీమాస్టర్‌లో కూడా బేస్ తేలేదు’ అనే ఫిర్యాదు నిజమే అయినా, అది రీమాస్టర్ చేసినవారి మీద వేయదగిన నింద కాదు.

బేస్ సంగతి కొంచెం విప్పి చూద్దాం. 1986 సెప్టెంబరులో స్వీడన్‌లో జరిగిన బస్సు ప్రమాదంలో మెటాలికా బేస్ వాద్యకారుడు క్లిఫ్ బర్టన్ మరణించాడు. అతని చోటులోకి వచ్చిన జేసన్ న్యూస్టెడ్‌కు బ్యాండ్‌తో ఇది మొదటి పూర్తి ఆల్బమ్. మిక్సింగ్ చేసిన ఇద్దరిలో ఒకరైన స్టీవ్ థాంప్సన్, బేస్‌ను దాదాపు వినిపించనంత కిందికి దించమని డ్రమ్మర్ లార్స్ ఉల్‌రిచ్ కోరినట్టు తర్వాత ఇంటర్వ్యూలలో చెప్పాడు. దానికి తోడు న్యూస్టెడ్ చాలాచోట్ల రిథమ్ గిటార్ వాయించినదాన్నే తానూ వాయించాడు. బేస్ గిటార్ మందపు తీగ సుమారు 41 హెర్ట్జ్ (సెకనుకు 41 కంపనాలు) దగ్గర మోగుతుంది. గిటార్ మందపు తీగ 82 దగ్గర, అంటే సరిగ్గా ఒక స్థాయి పైన. బేస్ తీగలో పుట్టే మొదటి అనుస్వరం (అసలు స్వరంతోపాటు దాని పైన పుట్టే స్వరం) కూడా 82 మీదే పడుతుంది. ఇద్దరూ ఒకే రిఫ్ వాయిస్తే, వినిపించే కొద్దిపాటి బేస్ కూడా గిటార్ నీడలో కలిసిపోతుంది. ఒక యువకుడు నెలల తరబడి పడిన కష్టం ఇలా కనుమరుగైందని తెలిశాక, నాకు ఈ ఆల్బమ్ వింటున్న ప్రతిసారీ మనసు కలుక్కుమంటుంది. అయినా చరిత్రగా నిలిచిన మిక్స్‌ను రీమాస్టర్ పేరుతో మార్చకపోవడమే సరైనదని నా నమ్మకం. కావాలంటే రీమిక్స్‌ను రీమిక్స్ అనే పేరుతోనే, వేరే ప్రతిగా ఇవ్వాలి.

ఇంకొక చిక్కు ఉంది. మాస్టరింగ్‌లో 60 నుంచి 100 హెర్ట్జ్ ప్రాంతాన్ని కొంచెం లేపితే బేస్ ఒక్కటే లేవదు. కాలితో మోగించే కిక్ డ్రమ్ కడుపు, గిటార్ గుద్దు కూడా దానితోపాటే లేస్తాయి. ‘బేస్ పెరిగింది’ అనే శ్రోత చాలాసార్లు వింటున్నది కిక్ డ్రమ్‌నే. నిజంగా బేస్ గిటారేనా అని పరీక్షించాలంటే డ్రమ్స్ లేని చోటు, లేదా బేస్ గిటార్‌ను వదిలి వేరే దారి పట్టిన చోటు వెతకండి. ఫోను స్పీకర్‌తో ఈ పరీక్ష చేయవద్దు, ఆ చిన్న స్పీకర్‌కు 41 గానీ 82 గానీ అందవు.

కిక్ డ్రమ్ గురించి డప్పు మిత్రుడు చెప్పిన మాట నాకు పుస్తకాలలో దొరకలేదు. ఈ ఆల్బమ్‌లోని ‘వన్’ పాట నెమ్మదిగా మొదలై, నాలుగో నిమిషం దాటాక రెండు కాళ్లతో వేగంగా కొట్టే డబుల్ కిక్ మర తుపాకిలా మోగే చోటుకు చేరుతుంది. ఆ ఇరవై సెకన్లను రెండు ప్రతులలోనూ ఐదారుసార్లు వేశాను. అతను మోకాలి మీద వేళ్లతో కొట్టుకుంటూ విని, “దీనిలో పుల్ల వినిపిస్తోందన్నా, తోలు వినిపించడం లేదు” అన్నాడు. డప్పుకు ఒక చేతిలో లావు చిర్ర, ఇంకో చేతిలో సన్నటి సిటికెన పుల్ల. సిటికెన పుల్ల ‘టక్’ మని కొసను ఇస్తే, చిర్ర ‘ధమ్’ మని తోలు నిండా మోగిస్తుంది. మంట దగ్గర సరిగా కాగని డప్పు మీద ఆ రెండింటి తూకం తప్పుతుంది. ‘జస్టిస్’ కిక్‌లో కొస ఎక్కువ, కడుపు తక్కువ. రీమాస్టర్ వేసినప్పుడు అతను, “తోలు కొంచెం దగ్గరికి వచ్చింది, పుల్ల మాత్రం అలాగే ఉంది” అన్నాడు. మెటల్ పరిభాష ఒక్క ముక్క తెలియకుండా అతను ఇచ్చిన తీర్పు, ఆ రాత్రి మేమందరం చెప్పినవాటిలో అతి కచ్చితమైనది. మీకు తెలిసిన వాద్యం ఏదైనా సరే, దాని మాటలతోనే చెప్పండి. అరువు మాటలు వెతకనక్కర లేదు.

ఇక గుడ్డి పరీక్ష. ఏ ప్రతి మోగుతోందో తెలిసి వింటే కళ్లు చెవులకు సాక్ష్యం చెబుతాయి. ఒకరు మీకు కనిపించకుండా కూర్చుని నాణెం ఎగరేయాలి. బొమ్మ పడితే పాతది, బొరుసు పడితే కొత్తది వేయాలి. ఇరవై సెకన్ల ముక్క చాలు. శబ్దపు జ్ఞాపకం త్వరగా చెదిరిపోతుంది కాబట్టి పాట మొత్తం విని పోల్చడం వృథా. పదిసార్లు చేసి లెక్క రాయండి. ఊరికే ఊహించి చెప్పినా పదిలో ఏడు లేదా అంతకన్నా ఎక్కువ సరిపోయే అవకాశం సుమారు 17 శాతం ఉంది, అందుకే ఏడు వస్తే పొంగిపోకూడదు. ఎనిమిదికి అది ఐదున్నర శాతం, తొమ్మిదికి ఒక శాతం. మా తమ్ముడికి ఆరు వచ్చాయి. రైలు నడిపే మిత్రుడికి తొమ్మిది వచ్చాయి. ఎలా పట్టావని అడిగితే, గట్టిగా మోగే చోట కాకుండా ‘వన్’ మొదట్లోని నెమ్మది గిటార్ దగ్గర పట్టానన్నాడు. కొత్తదానిలో ఆ గిటార్ తనకు దగ్గరగా కూర్చున్నట్టు ఉందట. రాత్రంతా ఇంజను రొదలో చిన్న తేడా కోసం చెవి ఒగ్గి ఉంచే మనిషి కాబట్టి, నాకు ఆశ్చర్యం అనిపించలేదు.

తేడా పట్టగలగడం ఒకటి, ఏది మేలో చెప్పడం ఇంకొకటి. మొదటిదానికి లెక్క ఉంది. రెండోది మీ ఇష్టం. ఈ ఆల్బమ్‌లోని పొడి, చల్లటి, ఎముకలు లెక్కపెట్టేంత బిగువైన శబ్దమే పాటలలోని కోపానికి సరిపోయిందనేవారు ఉన్నారు. రక్తమాంసాలు లేవని బాధపడేవారూ ఉన్నారు. బేస్ పెంచి సొంతంగా రూపాలు తయారుచేసుకున్న అభిమానులూ ఉన్నారు. ఎవరి మాటా కొట్టివేయదగింది కాదు. వారు ఏ ప్రతిని, దేని మీద, ఎక్కడ విన్నారో చెబితే చాలు.

రాయడం ఇలా ఉండాలి. ‘కొత్తదానిలో ప్రాణం లేదు’ అనే వాక్యాన్ని మా నోటు పుస్తకంలో కొట్టివేసి, దాని చోట ఇలా రాశాం: ‘‘వన్’లో నాలుగో నిమిషం దాటాక వచ్చే డబుల్ కిక్ దగ్గర, వాల్యూమ్ సమం చేసి హెడ్‌ఫోన్స్‌లో వింటే, రీమాస్టర్‌లో కిక్ కడుపు కొంచెం నిండింది, కొస మారలేదు, బేస్ గిటార్ విడిగా వినిపించలేదు. నాకు ఈ నిండుదనం నచ్చింది.’ నచ్చిందనే మాట చివరన వచ్చింది, దానికి ముందున్నదంతా ఎవరైనా తమ ఇంట్లో సరిచూసుకోగలిగింది.

ఈ వారం అభ్యాసానికి మెగాడెత్ అనే బ్యాండ్ ఆల్బమ్ ‘రస్ట్ ఇన్ పీస్’ తీసుకోండి. 1990 నాటి ప్రతి, 2004లో వచ్చిన ప్రతి, రెండూ కావాలి. రెండోది రాళ్లు విడదీసి కట్టిన రకం. ఆ బ్యాండ్ గాయకుడు డేవ్ మస్టైన్ పాటలను కొత్తగా మిక్స్ చేయించడమే కాకుండా, కొన్నిచోట్ల గొంతును తాజాగా పాడి చేర్చాడు. పద్నాలుగేళ్ల ఎడంలో మనిషి గొంతు మారుతుంది కదా. ఆ చోట్లు ఏవో ఎవరినీ అడగకుండా మీ చెవితోనే పట్టి, నిమిషం, సెకను వేసి రాయండి. గిటార్ల మీద దృష్టి పెట్టవద్దు, ఊపిరి తీసుకునే తీరు వినండి. అవి రాసిన నోటు పుస్తకం దగ్గర పెట్టుకుంటే ఆరో పాఠాన్ని అక్కడి నుంచే ఎత్తుకుందాం.