కోల్ దె రాటెస్ కనుమ సైకిల్ మీద దాటడం ఎలా?

స్పెయిన్‌లో అలికాంతేకి ఉత్తరాన, ఎండిన సున్నపురాయి కొండల్లో కోల్ దె రాటెస్ అని ఒక చిన్న కనుమ ఉంది. ఎత్తు 630 మీటర్లకు కాస్త అటూ ఇటూ. పార్సెంట్ అనే ఊరి నుంచి (శాతం కాదండీ, ఊరి పేరే అది) పైకి దాదాపు ఆరున్నర కిలోమీటర్లు, సగటు వాలు 5.5 శాతం. నేను ఏటా ఫిబ్రవరిలో వెళ్తాను, ప్రతిసారీ ఎవరో ఒక కొత్తవాళ్ళు వెంట ఉంటారు. అందరూ ఎక్కడం గురించే వంద ప్రశ్నలు వేస్తారు, దిగడం గురించి ఒక్కరూ అడగరు.

1. సామాను
సైకిల్ అక్కడే అద్దెకు తీసుకోండి. వెనక పెద్ద గేరుకి 32 పళ్ళుంటే చాలు. హెల్మెట్ (ఊరు దాటితే అక్కడ తప్పనిసరి), రెండు బాటిళ్ళు, స్పేర్ ట్యూబు, పంపు, మడిచి జేబులో పెట్టుకునే విండ్‌చీటర్. ఎనర్జీ జెల్ జోలికి పోకండి. ఒకసారి తింటే హ్యాండిల్ రోజంతా జిగురే. నాలుగు ఖర్జూరాలు, రెండు పల్లీ చిక్కీలు పెట్టుకోండి. నీళ్ళలో నిమ్మరసం, ఉప్పు, పంచదార. ఇంతకు మించింది ఏ కంపెనీ పొడిలోనూ లేదు.

2. ఎక్కడం
ఫిబ్రవరిలో బాదం చెట్లు పూసి ఉంటాయి, చలి కూడా పెద్దగా ఉండదు. జూలై, ఆగస్టుల్లో వెళ్ళాల్సి వస్తే ఎనిమిది లోపు పైన ఉండాలి, ఎందుకంటే ఈ దారిలో నీడ దాదాపు లేదు. ఒక పక్క రాయి, ఇంకో పక్క లోయ. పార్సెంట్‌లోనే రెండు బాటిళ్ళూ నింపుకోండి. పైన రెస్టారెంట్ ఉంది కానీ అది తెరిచి ఉంటుందన్న నమ్మకంతో ఒక బాటిల్‌తో బయల్దేరకండి. మాట్లాడగలిగేంత వేగంతో తొక్కండి, వచ్చేస్తుంది. దీని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

3. దిగడం
ఇక్కడే అందరూ పాడుచేస్తారు, ముఖ్యంగా మన దేశంలో సైకిల్ నేర్చుకున్నవాళ్ళు. కారణాలు రెండు.

మొదటిది బ్రేకు. మన దగ్గర మామూలుగా కుడి చేతి బ్రేకు ముందు చక్రానిది. స్పెయిన్‌లో అద్దె సైకిళ్ళకు ఎక్కువగా ఎడమ చేతిది ముందు చక్రానికి ఉంటుంది. మలుపులో కంగారుపడి, వెనక బ్రేకే కదా అని ఎడమ చెయ్యి గట్టిగా నొక్కారంటే ముందు చక్రం పట్టేస్తుంది, మీరు హ్యాండిల్ మీదుగా రోడ్డు మీద. అందుకే షాపులోనే ముందు చక్రం పైకెత్తి, తిప్పి, ఎడమ బ్రేకు నొక్కి కళ్ళతో చూడండి. కొన్ని షాపుల్లో అడిగితే మార్చి ఇస్తారు. మార్పించకండి. పార్సెంట్ వెళ్ళేదాకా ఉన్న చదును రోడ్డు మీద ఓ ఇరవైసార్లు ఆపి చూసుకుంటే చెయ్యే నేర్చుకుంటుంది.

రెండోది రోడ్డు వైపు. మన దగ్గర బళ్ళు ఎడమ పక్కన పోతాయి, స్పెయిన్‌లో కుడి పక్కన. ఎక్కేటప్పుడు గుర్తుంటుంది, ముందు ఎవరో ఒకరు వెళ్తూ ఉంటారు కదా. పైన ఆగి, ఫోటోలు దిగి, ఖాళీ రోడ్డు మీద మళ్ళీ బయల్దేరేటప్పుడు మర్చిపోతాం. హైదరాబాద్ నుంచి వచ్చిన మా స్నేహితుడు ఒకడు సరిగ్గా అక్కడే ఎడమ పక్కకు వెళ్ళిపోయాడు. ఎదురుగా కారు వచ్చి హారన్ కొట్టింది, వాడు అలవాటుకొద్దీ ఇంకా ఎడమకి తిప్పాడు. కారతను ఆపాడు కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి నేను హ్యాండిల్ కుడి కొమ్ముకి ఎర్ర ఇన్సులేషన్ టేపు చుడతాను, నా వెంట వచ్చేవాళ్ళకీ చుట్టిస్తాను, నవ్వుకున్నా సరే.

ఇక మలుపులు. బ్రేకు మలుపుకి ముందే, సైకిల్ నిటారుగా ఉన్నప్పుడే వెయ్యాలి. రెండూ కలిపి నొక్కి, వేగం తగ్గాక వదిలేసి అప్పుడు వంగాలి. చాలామంది భయంతో పైనుంచి కిందదాకా బ్రేకు పట్టుకునే దిగుతారు, చేతులు తిమ్మిరెక్కి అసలు అవసరమైన చోట పట్టు దొరకదు. మలుపు బయటి వైపు పెడల్ కింద ఉండాలి, బరువంతా ఆ కాలి మీద. చూపు గార్డ్‌రైల్ మీద కాదు, మలుపు ఎక్కడ ముగుస్తుందో అక్కడ. ఎటు చూస్తే సైకిల్ అటే పోతుంది. అంచున రాళ్ళ పొడి, చిన్న గులకరాళ్ళు ఉంటాయి. వేసవిలో వారాల తరబడి వాన ఉండదు, వాటిని కడిగేదెవరు? కాబట్టి అంచుకి అతుక్కోకుండా కుడి లేన్ మధ్యలో ఉండండి. దాటే కార్లు 1.5 మీటర్లు వదలాలని అక్కడి రూలు, దాదాపు వదులుతారు కూడా. ఎడమ మలుపులో మాత్రం మధ్యగీత దాటి కోసుకుంటూ పోకండి, అటు ఏం వస్తుందో కనబడదు.

చెమట పట్టిన చొక్కాతో దిగితే చలికి చేతులు వణుకుతాయి, బ్రేకు మీద వేళ్ళు నిలవవు. విండ్‌చీటర్ పైనే వేసుకుని జిప్పు మెడదాకా పెట్టుకోండి. వెనకటి సైక్లిస్టులు చొక్కా లోపల న్యూస్‌పేపర్ దోపుకునేవాళ్ళు, అదీ బాగానే పనిచేస్తుంది.

4. కింద
వచ్చిన దారినే తిరిగి దిగేవాళ్ళు చాలామంది. నాకు నచ్చదు, అప్పుడు కనుమ దాటినట్టు ఎలా అవుతుంది? అవతల తార్బెనా వైపు దిగండి. 1609లో మోరిస్కోలను (బలవంతంగా క్రైస్తవులుగా మార్చిన ముస్లింల వంశీకులను) వెళ్ళగొట్టాక మయోర్కా దీవి నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళ ఊరు అది, అక్కడి మాటలో ఆ దీవి యాస ఇంకా ఉంది. మాంసం తినేవాళ్ళు సొబ్రసాద అనే కారం సాసేజ్ అడగండి. తినని వాళ్ళకి కాఫీ, బ్రెడ్డు. కాఫీ తాగి లేచి సైకిల్ ఎక్కేముందు ఎర్ర టేపు ఒకసారి చూసుకోండి, కుడివైపు.