మైక్రోవేవ్ వేసినప్పుడు రెసిస్టెన్స్ ఊగుతుంటే ఆ గ్రాఫ్ ఎలా చదవాలి

గాలియం ఆర్సెనైడ్‌లోని టూ డైమెన్షనల్ ఎలక్ట్రాన్ల (పలచని పొరలో మాత్రమే కదిలేవి) మీద మైక్రోవేవ్ వేసి, 1 కెల్విన్ దగ్గర మాగ్నెటిక్ ఫీల్డ్ మెల్లగా పెంచుకుంటూ పోతే రెసిస్టెన్స్ పైకీ కిందకీ ఊగుతుంది, అది చూసి వెంటనే షుబ్నికోవ్ డి హాస్ (మైక్రోవేవ్ లేకపోయినా మాగ్నెటిక్ ఫీల్డ్‌లో వచ్చే ఊగులాట) అనేసుకోకండి. ముందు మైక్రోవేవ్ ఆపేసి ఒక స్వీప్ (ఫీల్డ్ మారుస్తూ తీసే గ్రాఫ్) తీసి పక్కన పెట్టుకోండి, తర్వాత రెండు మూడు ఫ్రీక్వెన్సీల్లో తీయండి. ఫ్రీక్వెన్సీతో పాటు శిఖరాలు, లోయలు పక్కకి జరిగితే అది మైక్రోవేవ్ ఊగులాటే, షుబ్నికోవ్ అయితే ఎలక్ట్రాన్ డెన్సిటీ మారితేనే అవి పక్కకి జరుగుతాయి.

ఇప్పుడు ఫీల్డ్ బదులు ఎప్సిలాన్‌తో గ్రాఫ్ గీయండి, అంటే మైక్రోవేవ్ ఫ్రీక్వెన్సీని సైక్లోట్రాన్ ఫ్రీక్వెన్సీతో (ఫీల్డ్‌లో ఎలక్ట్రాన్ గుండ్రంగా తిరిగే ఫ్రీక్వెన్సీ) భాగించాలి. ఎఫెక్టివ్ మాస్ (క్రిస్టల్ లోపల ఎలక్ట్రాన్‌కి ఉన్నట్టు కనపడే మాస్) మామూలు ఎలక్ట్రాన్ మాస్‌లో 0.067 వంతు తీసుకుంటే 100 గిగాహెర్ట్జ్‌కి ఎప్సిలాన్ 1 అయ్యేది సుమారు 0.24 టెస్లా దగ్గర. ఇంత చిన్న ఫీల్డ్‌లు కాబట్టి సూపర్‌కండక్టింగ్ మాగ్నెట్‌లో మిగిలిపోయే ఫీల్డ్ కొంపముంచుతుంది, నాకు ఒకసారి ఫేజ్ (లోయలు ఏ ఎప్సిలాన్ దగ్గర పడతాయన్నది) మొత్తం తప్పు వచ్చింది దీనివల్లే. ప్లస్ వైపు, మైనస్ వైపు రెండూ స్వీప్ చేసి అసలు సున్నా ఎక్కడుందో సరిచూసుకున్నాకే ముందుకెళ్ళండి.

అసలు గుర్తు ఫేజ్‌లో ఉంటుంది. ఎప్సిలాన్ 1, 2, 3 దగ్గర లోయలు ఉండవు, అక్కడ రెసిస్టెన్స్ మైక్రోవేవ్ లేనప్పటి విలువకే వచ్చేస్తుంది, లోయలు పావు వంతు ముందుకి 1.25, 2.25 దగ్గర పడతాయి, అంటే పై లెక్కలో మొదటి లోయ దాదాపు 0.19 టెస్లా. మొబిలిటీ (ఎలక్ట్రాన్లు ఎంత తేలిగ్గా కదులుతాయన్నది) బాగా ఎక్కువున్న శాంపిల్‌లో పవర్ పెంచితే ఈ లోయ సున్నాకి దిగి అక్కడే చదునుగా ఉండిపోతుంది, 2002లో మాని బృందం నేచర్‌లో చూపించింది ఇదే. హాల్ రెసిస్టెన్స్‌లో (కరెంట్‌కి అడ్డంగా కొలిచేది) మాత్రం అక్కడ ప్లేటో (చదును మెట్టు) కనపడదు, అలాంటి మెట్లు వచ్చే క్వాంటమ్ హాల్‌కి దీనికి తేడా అదే, కాబట్టి రెండూ కలిపే కొలవండి.

చివరగా నాకు బాగా ఇష్టమైన పని, తక్కువ పవర్‌లో ఊగులాట ఎత్తుని ఎప్సిలాన్‌తో భాగించి దాని నేచురల్ లాగరిథమ్‌ని ఎప్సిలాన్‌కి ఎదురుగా గీస్తే సరళరేఖ వస్తుంది, దాని వాలుని (మైనస్ గుర్తు వదిలేసి) ఫ్రీక్వెన్సీతో గుణించి తలకిందులు చేస్తే క్వాంటమ్ లైఫ్‌టైమ్ (ఎలక్ట్రాన్ చెదిరిపోకుండా ఒకే స్థితిలో ఉండే సగటు సమయం). 100 గిగాహెర్ట్జ్‌లో వాలు 0.5 అయితే 20 పికోసెకన్లు.