ఇంట్లో పెద్దవాళ్ల షుగర్, కిడ్నీ రిపోర్టులు ఏళ్ల తరబడి ఎలా చూసుకోవాలి?

పోయినసారి క్రియాటినిన్ (కిడ్నీలు రక్తంలోంచి వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం) 1.0 ఉంది, ఈసారి 1.1 వచ్చింది, కిడ్నీలు పోతున్నాయా అని కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లను చూస్తుంటాను. నాలుగేళ్లలో 0.8 నుంచి 1.2కి చేరినా "నార్మల్ గీత దాటలేదుగా సార్" అని నిశ్చింతగా వెళ్లిపోయేవాళ్లనూ చూస్తుంటాను. బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో పని కాబట్టి ఈ రెండు రకాలవాళ్లూ నాకు తరచూ తగులుతారు. మొదటివాళ్లది అక్కర్లేని టెన్షన్, రెండోవాళ్లకు నిజంగా ప్రమాదం ఉంది. అయితే ఇద్దరూ చేసే తప్పు ఒకటే. రిపోర్టును దాని పాత వరసలో పెట్టి చదవరు. ఆ వరస ఎలా తయారు చేసుకోవాలో, అందులో ఏ మార్పును లెక్కలోకి తీసుకోవాలో, దేన్ని వదిలేయాలో చెబుతాను.

ఏ టెస్టులు

షుగర్ ఉన్న మనిషికి ముఖ్యంగా మూడు: హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పేది), సీరమ్ క్రియాటినిన్ (దానితోపాటు ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీల వడపోత ఎంతుందో చెప్పే లెక్క, ఇది తగ్గితే వడపోత తగ్గినట్టు), మూత్రంలో ఏసీఆర్, అంటే ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌కూ క్రియాటినిన్‌కూ ఉన్న నిష్పత్తి. హెచ్‌బీఏ1సీ మూడు నెలలకోసారి, షుగర్ నిలకడగా ఉంటే ఆరు నెలలకోసారి. మిగతా రెండూ ఏడాదికోసారైనా చేయించాలి. కిడ్నీ సమస్య ఇప్పటికే ఉంటే ఎన్నాళ్లకోసారో డాక్టరే చెబుతారు. మూడోదాన్ని ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ. షుగర్ వల్ల కిడ్నీ దెబ్బతినడం చాలామందిలో మొదట మూత్రంలోనే కనిపిస్తుంది. క్రియాటినిన్ పెరగడం తర్వాతి సంగతి.

ఎనభై, తొంభై టెస్టుల ప్యాకేజీలు తీసుకోకండి. నార్మల్ రేంజ్ అనేది సాధారణంగా ఆరోగ్యవంతుల్లో నూటికి 95 మంది విలువలు ఇమిడేలా గీసిన గీత. మిగిలిన ఐదుగురూ ఆరోగ్యవంతులే, అయినా గీత బయట ఉంటారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 టెస్టులు ఒక ఆరోగ్యవంతుడికి చేస్తే, ఏదో ఒకటి గీత దాటే అవకాశం సుమారు 64 శాతం. ఆ ఒక్కటీ బోల్డ్ అక్షరాల్లో కనపడగానే ఇల్లంతా కంగారు, దానికోసం ఇంకో నాలుగు టెస్టులు. ఆ డబ్బుతో ఏసీఆర్ చేయించండి.

పుస్తకం

ఒక లాంగ్ నోట్‌బుక్ కొనండి. ఫోన్‌లో కాదు, కాగితం మీదే రాయాలి. వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్‌లు అవసరమైనప్పుడు దొరకవు. దొరికినా నాలుగేళ్ల అంకెలు ఒకదాని కింద ఒకటి కనపడవు. ఒక్కో టెస్టుకు ఒక్కో పేజీ ఇవ్వండి. తేదీ, విలువ, ల్యాబ్ పేరు, పక్కన "ఆ రోజుల్లో ఏం జరిగింది" అనే గడి. చాలామంది ఖాళీగా వదిలేసేది ఈ చివరి గడినే. జ్వరం, విరేచనాలు, కొత్త మాత్ర, ఐరన్ మాత్రలు, రక్తం ఎక్కించడం, నొప్పి మాత్రలు, పెళ్లి భోజనాలు, అన్నీ అందులో రాయాలి. ఎందుకో కింద తెలుస్తుంది.

టెస్టు రోజు

పరగడుపు అంటే 8 నుంచి 10 గంటలు. మంచినీళ్లు తాగొచ్చు, తాగాలి కూడా. కాఫీ, టీ వద్దు, చక్కెర వేయకపోయినా వద్దు. హెచ్‌బీఏ1సీకీ, క్రియాటినిన్‌కీ పరగడుపు అవసరం లేదు. అయినా నేను మాత్రం అన్నీ పొద్దున్నే ఒకేసారి ఇమ్మంటాను, ప్రతిసారీ పరిస్థితులు ఒకేలా ఉండటానికి. ముందురోజు రాత్రి మాంసం తినకండి. వండిన మాంసం తింటే కొన్ని గంటలపాటు క్రియాటినిన్ పెరుగుతుంది. ఆదివారం మటన్ తిని సోమవారం పొద్దున ల్యాబ్‌కు వచ్చేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

తిన్నాక రెండు గంటల షుగర్ చూడాలంటే మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పటి నుంచి లెక్క, చేయి కడుక్కున్నప్పటి నుంచి కాదు. రోజూ తినేదే తినాలి, రోజూ వేసుకునే మాత్ర వేసుకోవాలి. ఆ రోజొక్కటీ రెండు ఇడ్లీలతో సరిపెడితే ఆ అంకె దేనికీ పనికిరాదు.

రక్తం తీసేటప్పుడు పిడికిలి పదేపదే మూసి తెరవకండి, పొటాషియం లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. షుగర్‌కు బూడిదరంగు మూత ఉన్న ఫ్లోరైడ్ ట్యూబు, హెచ్‌బీఏ1సీకి ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబు. మామూలు ట్యూబులో ఉంచేసిన రక్తంలో కణాలు గ్లూకోజును తింటూనే ఉంటాయి, గది వేడిలో గంటకు 5 నుంచి 7 శాతం దాకా తగ్గిపోతుంది. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే అబ్బాయి ఇంకా పది ఇళ్లు తిరిగి ల్యాబ్‌కు చేరతాడు. అందుకే నడవగలిగినవాళ్లను ల్యాబ్‌కే తీసుకురండి. మూత్రం మాత్రం పొద్దున లేవగానే వచ్చే మొదటిది ఇవ్వాలి.

ఎప్పుడూ ఒకే ల్యాబ్. ఎక్కడ డిస్కౌంట్ ఉంటే అక్కడికి వెళ్తూ పోతే వరస అనేదే తయారుకాదు.

రెండు రిపోర్టులను పోల్చడం

తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి, కాబట్టి నెమ్మదిగా చదవండి.

ఒకే మనిషికి, ఒకే ల్యాబ్‌లో, వారం తేడాతో రెండుసార్లు చేసినా అంకె ఒకటే రాదు. కొంత తేడా శరీరానిది, కొంత మెషీన్‌ది. ల్యాబ్ తప్పు చేసిందని దానర్థం కాదు. మీరు ముందు తేల్చుకోవాల్సింది ఇదే: వచ్చిన మార్పు ఆ మామూలు ఊగిసలాటకన్నా పెద్దదా, కాదా?

హెచ్‌బీఏ1సీలో 0.5 కన్నా తక్కువ తేడాను నేను మార్పుగా లెక్కేయను. 7.2 నుంచి 7.0కి వస్తే సంబరం వద్దు, 7.0 నుంచి 7.3కి వెళ్తే ఇంట్లో గొడవ వద్దు. మంచి ల్యాబ్‌లోనూ 7.0 అనేది 6.8గానో 7.2గానో రావచ్చు. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. ఆ కాలంలో దానికి అంటుకున్న గ్లూకోజే ఈ టెస్టు కొలిచేది. అందులోనూ దాదాపు సగం వాటా చివరి నెల రోజులదే. మాత్ర మార్చిన మూడు వారాలకే టెస్టు చేయించి మందు పనిచేయలేదని తేల్చేయడం అందుకే తప్పు. మూడు నెలలు ఆగండి.

ఎర్ర కణాల లెక్క తారుమారైతే ఈ అంకె కూడా తారుమారవుతుంది. ఐరన్ లోపంతో రక్తహీనత ఉంటే షుగర్ పెరగకపోయినా హెచ్‌బీఏ1సీ ఎక్కువ రావచ్చు. ఐరన్ మాత్రలు మొదలుపెడితే కొత్త కణాలు వస్తాయి, అంకె దానంతటదే దిగుతుంది. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎంత ఎక్కువో తెలిసిందే కాబట్టి హెచ్‌బీఏ1సీ పేజీలోనే పక్కన హిమోగ్లోబిన్ కూడా రాయమంటాను. రక్తం ఎక్కించుకున్నాక కొన్ని నెలలపాటు ఈ టెస్టును నమ్మలేం. డయాలిసిస్‌లో ఉండి రక్తం పెరగడానికి ఇంజెక్షన్లు తీసుకునేవాళ్లలో అంకె తక్కువ చూపిస్తుంది. ఏజెన్సీ ప్రాంతాల్లో కనిపించే సికిల్‌సెల్ జబ్బు ఉన్నవాళ్లకు ఈ టెస్టు మీద ఆధారపడకూడదు. వాళ్లకు నేరుగా రక్తంలో గ్లూకోజే చూడాలి, లేదా రెండు మూడు వారాల సగటు చెప్పే ఫ్రక్టోసమైన్ గురించి డాక్టర్ని అడగాలి.

నమ్మొచ్చా లేదా అని చూసుకోవడానికి ఒక దారి ఉంది. హెచ్‌బీఏ1సీ 6 అంటే సగటు గ్లూకోజు సుమారు 126, 7 అంటే 154, 8 అంటే 183. ఇంట్లో మీటర్ రోజంతా 200 పైన చూపిస్తూ ల్యాబ్ 6 అని ఇస్తే ఏదో ఒకటి తప్పు. అప్పుడు మీకు నచ్చిన అంకెను నమ్మి కూర్చోకండి, రెండూ డాక్టర్‌కు చూపించండి.

ఇక క్రియాటినిన్. 1.0 నుంచి 1.1 అనేది నా దృష్టిలో మార్పే కాదు. ఒకే ల్యాబ్‌లో దాదాపు 20 శాతం పెరిగితే అప్పుడు ఆలోచించాలి. అప్పుడైనా ముందు ఆ చివరి గడి చూడండి. మే నెల ఎండలో నీళ్లు తాగకుండా తిరిగారా? వాంతులు, విరేచనాలు అయ్యాయా? మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కు కోట్రైమాక్సజోల్ వాడారా? అందులోని ట్రైమెథోప్రిమ్ కిడ్నీకి హాని లేకపోయినా క్రియాటినిన్‌ను పెంచగలదు. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్ తెచ్చుకుని వాడుతున్నారా? దీని సంగతి వేరు, ఇది కిడ్నీని నిజంగానే దెబ్బతీయగలదు, ఆ సంగతి డాక్టర్‌కు దాచకండి.

ల్యాబ్ మారినా అంకె మారుతుంది. క్రియాటినిన్‌ను పిక్రిక్ యాసిడ్‌తో రంగు తెప్పించి కొలిచే పద్ధతికి పునాది వేసింది మాక్స్ యాఫే, 1886లో. దాని మెరుగుపరిచిన రూపాలు ఇప్పటికీ ఎన్నో ల్యాబుల్లో ఉన్నాయి, ఖర్చు తక్కువ కాబట్టి. ఒంట్లో కీటోన్లు ఎక్కువగా ఉంటే ఆ పద్ధతి వాటిని కూడా క్రియాటినిన్ లెక్కలో కలిపేస్తుంది. ఎంజైమ్ పద్ధతికి ఆ ఇబ్బంది బాగా తక్కువ. మీ ల్యాబ్ ఏ పద్ధతి వాడుతుందో రిపోర్టులో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఎంజైమ్ పద్ధతి ఉన్న ల్యాబ్‌నే ఎంచుకోండి.

ఇప్పుడు రెండో రకంవాళ్ల సంగతి, నార్మల్ గీత దాటలేదని నిశ్చింతగా ఉండేవాళ్లది. క్రియాటినిన్ కండరాల నుంచి వస్తుంది. కండ ఉన్న 30 ఏళ్ల కుర్రాడికి 1.2 అంటే ఈజీఎఫ్ఆర్ 83 ప్రాంతంలో ఉంటుంది. 65 ఏళ్ల పెద్దావిడకు అదే 1.2 అంటే దాదాపు 50. ఆవిడకు నాలుగేళ్ల కిందట 0.8 ఉందనుకోండి, అప్పటి ఈజీఎఫ్ఆర్ 84. నాలుగేళ్లలో 84 నుంచి 50కి! కొన్ని ల్యాబులు ఆడా మగా తేడా లేకుండా ఒకే రేంజ్ ముద్రిస్తాయి, కాబట్టి ఏ రిపోర్టులోనూ బోల్డ్ అక్షరం రాలేదు, ఎవరూ పట్టించుకోలేదు. అందుకే క్రియాటినిన్ పేజీలో ఈజీఎఫ్ఆర్ తప్పకుండా రాయాలి. రిపోర్టులో లేకపోతే 2021 నాటి సీకేడీ-ఈపీఐ సూత్రంతో లెక్క కట్టిమ్మని ల్యాబ్‌లోనే అడగండి, వయసు, ఆడా మగా తెలిస్తే చాలు. మంచాన పడి కండ కరిగిపోయినవాళ్లలో ఈ లెక్క కూడా మోసం చేస్తుంది, కిడ్నీ ఉన్నదానికన్నా బాగున్నట్టు చూపిస్తుంది. వాళ్లకు సిస్టాటిన్ సి (కండ మీద అంతగా ఆధారపడని ఇంకో కిడ్నీ రక్తపరీక్ష) అవసరమా అని డాక్టర్ని అడగండి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంవాళ్లకు ఈ మాట ఇంకా గట్టిగా చెబుతాను. అక్కడ కిడ్నీ జబ్బు వచ్చినవాళ్లలో చాలామందికి షుగర్ లేదు. "మాకు షుగర్ లేదు కదా" అని క్రియాటినిన్ మానేయడానికి అక్కడ వీల్లేదు.

ఇంకొక్క విషయంలో చాలా జాగ్రత్త. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు మొదలుపెట్టిన తొలి వారాల్లో క్రియాటినిన్ కాస్త పెరగడం మామూలే. కిడ్నీ వడపోత గదుల్లో ఒత్తిడి తగ్గడం వల్ల అలా జరుగుతుంది, ఆ తగ్గడమే ముందుముందు కిడ్నీని కాపాడుతుంది. 30 శాతం లోపు పెరిగితే డాక్టర్లు సాధారణంగా మందు కొనసాగిస్తారు, పొటాషియం కూడా చూస్తారు. రిపోర్టు చూసి భయపడి, ఎవరినీ అడక్కుండా ఆ మాత్ర ఆపేసే కుటుంబాలు ఎన్నో. అంకె దిగుతుంది, మందు ఆపడం మంచిదైందనుకుంటారు, కిడ్నీకి ఉన్న రక్షణ మాత్రం పోతుంది. మాత్ర మొదలుపెట్టిన తేదీ గడిలో రాసి ఉంటే డాక్టర్‌కు ఒక్క చూపులో అర్థమవుతుంది. ఆపాలా, తగ్గించాలా అన్నది ఆయన చెప్పాలి.

ఏసీఆర్ ఈ మూడింటిలోకీ ఎక్కువ ఊగేది. గ్రాముకు మిల్లీగ్రాముల్లో 30 లోపు ఉంటే సరే, 30 నుంచి 300 దాకా ఎక్కువ, 300 దాటితే మరీ ఎక్కువ. జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ముందురోజు గట్టి వ్యాయామం, నెలసరి, వీటిలో ఏది ఉన్నా ఇవ్వకండి. ఒక్కసారి 45 వచ్చిందని జబ్బు పేరు పెట్టేసుకోకూడదు. మూడు నుంచి ఆరు నెలల్లో మూడుసార్లు చేయించి, అందులో రెండుసార్లు ఎక్కువ వస్తేనే లెక్క. పోయిన ఏడాదికి రెట్టింపు అయితే మాత్రం డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

జబ్బు ఉందని తేల్చడం

ఏ లక్షణాలూ లేని మనిషికి ఒక్క రిపోర్టుతో షుగర్ జబ్బు ఉందని తేల్చరు. హెచ్‌బీఏ1సీ 6.5 లేదా అంతకన్నా ఎక్కువ, పరగడుపు షుగర్ 126 లేదా అంతకన్నా ఎక్కువ, ఈ రెండూ దాటాలి, లేదా ఒకటే మళ్లీ చేసినా దాటాలి. కిడ్నీ జబ్బు దీర్ఘకాలికమని చెప్పాలంటే ఈజీఎఫ్ఆర్ 60 లోపు ఉండటమో, ఏసీఆర్ 30 లేదా అంతకన్నా ఎక్కువ ఉండటమో మూడు నెలలకు పైగా కొనసాగాలి. వరస ఉన్న పుస్తకం చేతిలో ఉంటే డాక్టర్‌కు ఆ మూడు నెలలు ఎదురుచూడాల్సిన పని చాలాసార్లు తప్పుతుంది.

డాక్టర్ దగ్గరికి పీడీఎఫ్‌ల కట్ట వద్దు, పుస్తకమూ చివరి రిపోర్టూ చాలు. వాడుతున్న మందుల పేర్లు, ఆయుర్వేదం, నాటు మందులతో సహా, చివరి పేజీలో రాసి ఉంచండి.

రెండు రోజుల్లో క్రియాటినిన్ 0.3 పెరిగినా, మూత్రం బాగా తగ్గిపోయినా, ముఖం, కాళ్లు వాచి ఆయాసం వస్తున్నా, పుస్తకం, వరస అన్నీ పక్కన పెట్టండి. మళ్లీ టెస్టు చేయిద్దామని వారం ఆగకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.