బాలయోగి ప్రస్థానంపై వ్యాసం రాసే పద్ధతి

అమలాపురం నుంచి గెలిచి లోక్‌సభ స్పీకరైన న్యాయవాది జి.ఎం.సి. బాలయోగి గురించి కోనసీమ విద్యార్థులు వ్యాసం రాయాలంటే, ముందుగా కాకినాడలో ఆయన సాగించిన న్యాయవాద వృత్తిని, ఆపై చేపట్టిన తూర్పు గోదావరి జిల్లా పరిషత్ అధ్యక్ష పదవిని వేర్వేరుగా రాసుకోవాలి. 1991లో లోక్‌సభకు గెలుపు, 1996లో ఓటమి, వెంటనే ముమ్మిడివరం నుంచి శాసనసభకు ఎన్నిక; చాలామంది సభలను తారుమారు చేసేది ఇక్కడే. అసలు శ్రద్ధ మాత్రం 1999 ఏప్రిల్ 17 మీద పెట్టండి. వాజ్‌పేయి ప్రభుత్వం 269–270 ఓట్లతో పడిపోయిన ఆ రోజున, ఒడిశా ముఖ్యమంత్రి అయ్యాక కూడా ఎంపీగా కొనసాగుతున్న గిరిధర్ గమాంగ్ ఓటు వేయాలా వద్దా అన్నది ఆయన అంతరాత్మకే స్పీకర్ విడిచిపెట్టారు. ఓట్లు సమానమైతేనే స్పీకర్ ఓటు వేయాలనే రాజ్యాంగ 100వ అధికరణాన్ని పక్కనే ఉదహరిస్తే, ఆ ఒక్క ఓటు తేడాను ఆయన ఎందుకు పూడ్చలేకపోయారో పాఠకులకు తేటతెల్లమవుతుంది.