ఫిల్లింగ్ చేయించాక పన్ను ఇబ్బంది పెడుతోందా?

పిప్పి పన్నుకు సిమెంట్ పెట్టించుకున్నాక ఏ తేడా వచ్చినా ముందు మెటీరియల్‌నే తిడతాం. చాలాసార్లు తప్పు గుంత చెక్కిన తీరులోనో, పని జరిగేటప్పుడు పన్ను తడవడంలోనో ఉంటుంది.

కొరికితేనే నొప్పి

ఫిల్లింగ్ కాస్త ఎత్తయింది. ఇంజెక్షన్ తిమ్మిరిలో సరిగ్గా కొరకలేం కాబట్టి కుర్చీలో ఉండగా తెలియదు, ఇంటికెళ్లి అన్నం నమిలాక తెలుస్తుంది. డాక్టర్ రంగు కాగితం కొరికించి, ముదురుగా మచ్చ పడిన చోట అరగదీస్తారు. ఐదు నిమిషాల పని. అలవాటవుతుందిలే అని వదిలేస్తే వేరు చుట్టూ ఉన్న పొర వాచి, తాకినా నొప్పే. కొరికి వదిలేటప్పుడు కలుక్కుమంటే మాత్రం పన్నులో చీలిక ఉందేమో చూడాలి. ఉంటే క్యాప్ దాకా వెళ్లాల్సి రావచ్చు.

చల్లటి నీళ్లకు జివ్వుమనడం

లోతైన గుంత అయితే కొద్ది రోజులు ఇలా ఉండటం మామూలే. రోజురోజుకూ తగ్గుతుంటే టెన్షన్ అక్కర్లేదు. తగ్గకపోతే రెండు కారణాలు చూడాలి. కాంపోజిట్ అనే పంటి రంగు ఫిల్లింగ్ మెటీరియల్ నీలం లైటుకు గట్టిపడేటప్పుడు కుంచించుకుపోతుంది. అందుకే మామూలు రకాన్ని 2 మి.మీ. మించకుండా పొరలు పొరలుగా వేస్తారు. ఒకేసారి కూరితే అంచున సన్నటి ఖాళీ మిగిలి, అందులోంచి చల్లదనం లోపలికి దిగుతుంది. రెండోది, పన్నును గరుకు చేయడానికి పూసే యాసిడ్ జెల్ కడిగాక డెంటిన్‌ను (ఎనామిల్ కింది పొరను) గాలి కొట్టి మరీ ఎండబెట్టడం. అప్పుడు అందులోని కొలాజెన్ పీచు అణిగిపోయి ఫిల్లింగ్‌ను పంటికి అంటించే బాండింగ్ ద్రవం లోపలికి ఇంకదు. ఈ రెండింటికీ తీసేసి మళ్లీ వేయడమే మందు. లోతు ఎక్కువైతే అడుగున గ్లాస్ అయోనమర్ అనే సిమెంట్ పొర వేస్తారు.

చల్లదనం పోయాక కూడా నొప్పి నిమిషాల తరబడి ఉన్నా, రాత్రి నిద్ర లేపినా అది నరం వాపు. అక్కడ ఫిల్లింగ్ మార్చి లాభం లేదు, సాధారణంగా రూట్ కెనాలే.

ఊడిపోవడం, విరగడం

అమాల్గం అనే వెండి రంగు లోహపు ఫిల్లింగ్ పంటికి దానంతట అది అంటుకోదు. గుంత కూజాలా మూతి ఇరుకుగా, లోపల కాస్త వెడల్పుగా ఉంటేనే నిలుస్తుంది. కనీసం 1.5 మి.మీ. మందం లేకపోతే నమిలే బరువుకు విరుగుతుంది. అమెరికన్ దంతవైద్యుడు జి.వి. బ్లాక్ వందేళ్ల కిందట క్రమబద్ధం చేసిన సూత్రాలివి. కాంపోజిట్‌కు ఆ ఆకారం అక్కర్లేదు, పుచ్చినంత మేరే తీస్తే చాలు, మంచి పన్ను మిగులుతుంది. కాకపోతే బాండింగ్ వేళ ఉమ్మి తగిలిందా, పట్టు పోయినట్టే. మళ్లీ వేయించుకునేటప్పుడు రబ్బర్ డ్యామ్ (ఉమ్మి తగలకుండా పన్ను చుట్టూ బిగించే రబ్బరు షీటు) పెడతారా అని అడగండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

పళ్ల మధ్య ఆహారం ఇరుక్కోవడం

ఫిల్లింగ్ పక్క పన్నుకు సరిగ్గా ఆనుకోలేదు. పుల్లతో గీకుతూ పోతే చిగురే చెడుతుంది. సందులో సరైన బ్యాండు (సన్నటి రేకు), చిన్న చీల (వెడ్జ్) బిగించి ఆ పక్కను మళ్లీ కట్టాలి.

అంచు నల్లబడటం

టీ, కిళ్లీ మరక అయితే పాలిష్‌తో పోతుంది. అంచు మెత్తబడినా, ఎక్స్‌రేలో కింద నీడ కనిపించినా మళ్లీ పుచ్చు పట్టినట్టు. నలుపు చూసి వెంటనే మార్చేద్దామంటే ఎక్స్‌రే చూపించమనండి. పాతది తీసిన ప్రతిసారీ పన్ను ఇంకొంత అరుగుతుంది.