ఓడ దిగి కడప చేరాక నేల ఊగుతుంటే, నిద్ర పట్టకపోతే, ఇంట్లో పొసగకపోతే

కాంట్రాక్టు ముగిసి ముంబైలో ఓడ దిగాను, మా భాషలో సైన్ ఆఫ్ అయ్యాను. చెన్నై పోయే రైలెక్కి గుంతకల్లు, తాడిపత్రి, ఎర్రగుంట్ల దాటేదాకా బాగానే ఉన్నాను. కడపలో ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టానో లేదో, స్టేషన్ మొత్తం ఎడమపక్కకు ఒరిగింది. తీసుకుపోవడానికి వచ్చిన మా చిన్నాయన నన్ను ఎగాదిగా చూసి, "ఏందబ్బీ, నిలబన్న చోటే ఊగుతాండావ్? రైల్లో ఏమన్నా తాగినావా?" అన్నాడు. ఓడ ఇంజన్ రూమ్‌లో అది నా మొదటి కాంట్రాక్టు, తొమ్మిది నెలలు. ఆ తర్వాత ఇంకో ఏడు కాంట్రాక్టులు చేశాను.

విశాఖలో అయితే ఇలాంటివి అడగడానికి పక్క వీధిలోనన్నా ఓడ మనిషి ఒకడు దొరుకుతాడు. మన సీమలో సముద్రం పేరెత్తితే తిరునాళ్లకు పోయొచ్చినట్టు చూస్తారు. అందుకే నాకు ఎదురైనవి, వాటికి పనికొచ్చిన మందులు రాస్తున్నాను.

నేల ఊగుతోంది

నిలబడితే, పడుకుంటే ఊగినట్టుంటుంది. కళ్లు మూసుకొని తలకు పోసుకునేటప్పుడు మరీ ఎక్కువ. వింత ఏమిటంటే బస్సులోనో బండి మీదో పోతున్నంతసేపూ ఏమీ ఉండదు, దిగితే మళ్లీ మొదలు. రైలు నన్ను మోసం చేసింది ఇందుకే.

మనిషి ఒంటి తూకం చూసే ఏర్పాటు చెవి లోపల ఉంటుంది. నెలల తరబడి ఓడ అటూ ఇటూ ఒరుగుతుంటే, తర్వాతి ఊపు ఎప్పుడొస్తుందో మెదడు ముందే లెక్కేసుకొని ఒంటిని సర్దుతూ ఉంటుంది. నేల మీదికొచ్చాక ఊపు లేదు, లెక్క మాత్రం నడుస్తూనే ఉంది.

దీనికి మంచం మందు కాదు, నడక మందు. పొద్దున్నే బయట పడి, దూరంగా కదలని దాని మీద చూపు పెట్టి నడవండి. కడపలో పాలకొండల అంచు ఉంది, కర్నూలు, అనంతపురంలో ఏదో ఒక గుట్ట కనిపించకపోదు. స్నానాల గదిలో స్టూలు వేసుకొని కూర్చొని పోసుకోండి, అందులో సిగ్గేమీ లేదు. ఓడలో మిగిలిన వాంతి మాత్రలు మాత్రం మింగొద్దు. ఈ ఊపుకు అవి పెద్దగా పనిచేయవు, మత్తు మాత్రం వస్తుంది.

చాలామందికి రెండు రోజుల్లో పోతుంది, కొందరికి వారం పడుతుంది. నెల దాటినా తగ్గకపోతే చెవి-ముక్కు-గొంతు డాక్టరునో న్యూరాలజిస్టునో చూడాలి. దాన్ని మాల్ డి డిబార్క్‌మెంట్ అంటారు. ఓడ దిగి వచ్చానని మొదటి మాటలోనే చెప్పండి, లేకపోతే బీపీ దగ్గర మొదలై మెడ ఎక్స్‌రేల దాకా పోతుంది కథ. తల తిప్పినప్పుడు గది గిర్రున తిరగడం వేరే జబ్బు. మూతి వంకర పోయినా, మాట తడబడినా, ఒక చెయ్యి బలం తగ్గినా అది ఓడ ఊపు కాదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఫ్యాన్ ఆగితే ఎగిరి లేస్తున్నాను

ఇది ఇంజన్ రూమ్ వాళ్ల జబ్బు. మామూలు మనిషి శబ్దానికి లేస్తాడు, మనం శబ్దం ఆగితే లేస్తాం. ఓడలో ఆ గుయ్యిమనే మోత ఆగిందంటే జనరేటర్ పోయినట్టే, బ్లాకౌట్. ఎమర్జెన్సీ జనరేటర్ 45 సెకన్లలోపు తనంతట తానే స్టార్టై లోడు తీసుకోవాలని నియమం. ఆ లోపు మనం బూట్లలో కాళ్లు దూర్చి మెట్ల మీద ఉండాలి.

మే నెలలో ఒక రాత్రి రెండింటికి మా వీధిలో కరెంటు పోయింది. ఫ్యాను రెక్కలు నెమ్మదించడం నిద్రలోనే తెలిసింది. కళ్లు తెరిచేసరికి హాల్లో చీకట్లో నిలబడి, గోడకు తగిలించిన మా నాయన పంచెను ఇంజన్ రూమ్‌లో తొడుక్కునే బాయిలర్ సూట్ అనుకొని లాగుతున్నాను. నోట్లో లెక్క నడుస్తోంది, పద్దెనిమిది, పంతొమ్మిది అని. మా ఆవిడ లేవకుండానే, "అది లైన్‌మన్ చూసుకుంటాడు, మీరొచ్చి పండుకోండి" అంది.

పూర్తి నిశ్శబ్దంలో నిద్రపోవాలని మొదట్లోనే పట్టుబట్టొద్దు. తల దగ్గర టేబుల్ ఫ్యాన్ ఒకటి ఇన్వర్టర్ లైనుకు కలిపి, కరెంటు పోయినా ఆగకుండా చూసుకోండి. వారం పది రోజులకు దాన్ని తీసేయొచ్చు. తట్టి లేపొద్దని ఇంట్లోవాళ్లకు చెప్పండి. గుమ్మం దగ్గర నుంచి పేరు పెట్టి పిలిస్తే చాలు.

రాత్రి పన్నెండుకు మెలకువ, పగలు నిద్ర

పన్నెండు-నాలుగు వాచ్, అంటే పన్నెండు నుంచి నాలుగు దాకా డ్యూటీ, చేసినవాళ్లకు ఇది తప్పదు. పైగా అమెరికా రేవులో దిగి విమానంలో వస్తే పదీ పదకొండు గంటల తేడా. ఓడలో అయితే గడియారం రాత్రికొక గంట చొప్పున మారుతుంది, ఒంటికి అలవాటు పడే టైముంటుంది. విమానం ఆ మర్యాద చేయదు. గంట తేడాకు సుమారు ఒక రోజు పడుతుందనుకోండి. ఎప్పుడు పడుకున్నా ఒకే టైముకు లేవండి, లేవగానే మిద్దె మీద ఎండలో కాసేపు నిలబడండి. ఎండాకాలం మన దగ్గర మధ్యాహ్నం సంగటి తిన్నాక ఊరు ఊరంతా పడుకుంటుంది, మీరు మాత్రం అరగంటకు అలారం పెట్టుకోండి.

కడుపు మంట, ఒంటికి దురద

నెలల తరబడి ఓడ కుక్ వండిన చప్పిడి తిని, వచ్చిన రోజే ఎర్రకారం దోసె, రాత్రికి నాటుకోడి. కడుపేం చేస్తుంది? మూడు నాలుగు రోజులు పప్పు, మజ్జిగ, సంగటితో సరిపెట్టుకుంటే తర్వాత ఉగ్గాని బజ్జీ మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తుంది.

నీళ్ల సంగతి నాకిప్పటికీ నవ్వొస్తుంది. సముద్రం మీద మనం తీపినీళ్లు తాగుతాం. మెయిన్ ఇంజన్‌ను చల్లబరిచి వేడెక్కిన నీళ్లతో, గాలి లాగేసిన డ్రమ్ములో, సముద్రపు నీళ్లను 50 డిగ్రీల దగ్గరే మరిగించి, ఆ ఆవిరిని చల్లార్చి నీళ్లు పడతాం. ఇంటికొస్తే బోరు నీళ్లు, సబ్బు నురగ రాదు, జుట్టు తాడులా తయారవుతుంది. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న గట్టినీళ్లవి. సబ్బు తగ్గించి స్నానం కాగానే కొబ్బరినూనె రాసుకోండి. తాగడానికి మాత్రం బోరు నీళ్లు వద్దు. అనంతపురం, కడప పల్లెల్లో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఉంది, శుద్ధి చేసినవే తాగండి.

ఇంట్లో ఎవరూ నా మాట వినడం లేదు

అసలు కష్టం ఇది. రెండో కాంట్రాక్టు ముగించి వచ్చిన మూడో రోజున వంటింటి అరలన్నీ స్పేర్ పార్టుల స్టోరులా సర్ది, డబ్బాలకు పేర్లంటించాను. మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. మూడేళ్ల పాప, నేను పక్కనే కూర్చొని ఉన్నా, వేసిన బొమ్మను ఫోన్ కెమెరాకు చూపించి "నాన్నా, చూడు" అంది.

తప్పు నాదే. ఓడ ఎక్కినప్పుడు మనం ఏం చేస్తాం? దిగిపోయేవాడి దగ్గర హ్యాండోవర్ తీసుకుంటాం. ఏ పంపు కారుతోంది, ఏ అలారం ఊరికే మోగుతుంది అన్నీ రాసుకున్నాకే చెయ్యి పెడతాం. ఇంట్లో మాత్రం ఏమీ అడక్కుండా చీఫ్ ఇంజనీరైపోతాం. మనం లేని తొమ్మిది నెలలూ ఆ ఇల్లు ఆగలేదు, ఎవరో నడిపారు.

ఇప్పుడు మొదటి వారం ఏదీ ముట్టుకోను. మా ఆవిడ దగ్గర హ్యాండోవర్ తీసుకుంటాను, నిజంగానే నోటు పుస్తకంలో. మోటారు స్విచ్చి రెండుసార్లు నొక్కితేగానీ పడదు. పాలవాడికి ఐదో తేదీన డబ్బులు. అమ్మ టీతోపాటు ఇస్తేనే బీపీ మాత్ర వేసుకుంటుంది. తర్వాత ఒకటో రెండో పనులు నావిగా అడిగి తీసుకుంటాను. మోటారు, స్కూలు వ్యాను నావి. పాపతో ఆటల్లోకి పిలవకపోయినా పక్కన కూర్చుంటాను, నాలుగో రోజుకు తనే చేతికి బొమ్మ ఇచ్చింది.

రెండు వారాలు దాటినా దేనిమీదా మనసు పోకపోతే, నిద్ర రాకపోతే, మందు గ్లాసు రోజువారీ అయిపోతే దాచుకోవద్దు. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఫోన్ నంబరు 14416, తెలుగులో మాట్లాడొచ్చు.

అందరిమీదా అరుస్తున్నానంటున్నారు

ఇంజన్ రూమ్ మోత 100 డెసిబెల్స్ దాటుతుంది. అక్కడ చెవిలో అరిస్తేనే మాట. నాలుగు రోజుల్లో గొంతు దానంతటదే దిగుతుంది. టీవీ సౌండు మాత్రం మీకొక్కరికే తక్కువనిపిస్తుంటే చెవి పరీక్ష చేయించుకోండి.

బండి తీస్తే భయమేస్తోంది

భయం మంచిదే. మన ఓడ గంటకు పాతిక కిలోమీటర్లు దాటితే గొప్ప, ఎదురొచ్చేది కనబడ్డాక కూడా బోలెడు టైముంటుంది. కర్నూలు రోడ్డు మీద లారీ ఆ టైమివ్వదు. ఊపు పూర్తిగా పోయేదాకా హైవే ఎక్కకండి.

డబ్బులు, కాగితాలు

ఓడ మీద ఉన్నన్ని రోజులే జీతమనే సంగతి చుట్టాలకు తెలియదు. అప్పు అడిగేవాళ్లు మొదటి వారంలోనే వస్తారు. కాబట్టి దిగకముందే ఆరు నెలల ఇంటిఖర్చు ఎఫ్‌డీలో వేసేయండి. "ఎఫ్‌డీలో ఉంది మామా" అంటే అబద్ధం కూడా కాదు.

ఆర్థిక సంవత్సరంలో ఇక్కడున్న రోజులు 182కు చేరితే ఎన్‌ఆర్‌ఐ హోదా పోతుంది. లెక్కకు సీడీసీలో, అంటే ఓడ ఉద్యోగి పుస్తకంలో, ఎక్కిన, దిగిన తేదీలు ఆధారం, ముద్ర సరిగా పడిందో లేదో చూసుకొని ఆడిటరుకు చూపించండి. మెడికల్ సర్టిఫికెట్ రెండేళ్లకు మించి చెల్లదు, సేఫ్టీ కోర్సుల రిఫ్రెషర్ ఐదేళ్లకొకసారి. కంపెనీ పిలిచాక కోర్సులో సీటు కోసం చెన్నై పరిగెత్తే కన్నా సెలవు మొదట్లోనే ముగించుకోవడం మేలు. సీడీసీ, పాస్‌పోర్టు ఎక్కడ పెట్టిందీ ఇంట్లో ఇద్దరికి తెలియాలి. నావి ఒకసారి వారం రోజులు వెతికితే బియ్యం డ్రమ్ములో దొరికాయి. దొంగల భయానికి మా అమ్మ అక్కడ దాచి, ఆ సంగతి మరిచిపోయింది.